ఉల్లివేరు స్లైడ్: కొన్నది మేలా, పిల్లలు చేసుకున్నది మేలా?

గుంటూరులో డిగ్రీ జీవశాస్త్ర ల్యాబుల బాధ్యత చూసే నాకు సమవిభజన (ఒక కణం ఒకేలాంటి రెండు కణాలుగా విడిపోవడం) ప్రాక్టికల్ వచ్చినప్పుడల్లా ఇదే చర్చ. కొన్న పర్మనెంట్ స్లైడ్లు పెట్టేద్దామని కొందరు అధ్యాపకులు, పిల్లల చేత స్క్వాష్, అంటే వేరుకొనను స్లైడ్ మీద నొక్కి పరిచే పద్ధతి, చేయించాల్సిందేనని నేను.

కొన్న స్లైడ్ల సౌకర్యం కాదనలేనిది. పెట్టె తెరిచి బల్లల మీద పెడితే అన్ని దశలూ అందరికీ కనిపిస్తాయి. ఒకే రోజు రెండు బ్యాచ్‌లుంటే అది చిన్న విషయం కాదు. అయితే అవి సాధారణంగా వేరును మైక్రోటోమ్ అనే కోత యంత్రంతో పలుచగా కోసి చేసినవి. ఆ కోతలో కణంతో పాటు క్రోమోజోములూ తెగుతాయి. ఉల్లికి 16 క్రోమోజోములని చదివిన విద్యార్థిని వాటిని లెక్కపెట్టబోతే కుదరదు. స్క్వాష్‌లో కణం తెగదు, బొటనవేలి ఒత్తిడికి పరుచుకుంటుంది. మంచి మెటాఫేజ్ (క్రోమోజోములు కణం మధ్యలో వరుసగా నిలిచే దశ) ఒక్కటి దొరికితే లెక్క తేలే అవకాశం ఉంటుంది.

చేత్తో చేస్తేనే ప్రతి అడుగుకూ కారణం బోధపడుతుంది. వేరుకొనను మెత్తబరిచే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో తక్కువసేపు ఉంచితే కణాలు విడిపోక గుట్టగా మిగులుతాయి. ఒత్తేటప్పుడు కవర్‌స్లిప్ పక్కకు జరిగితే మెలిపడి చుట్టుకుపోతాయి.

“మేడమ్, డివిజన్ కనబడలేదు” అనే ఫిర్యాదు మాత్రం నిజమే. దానికి మందు పిల్లల దగ్గర లేదు, ముందస్తు ఏర్పాటులో ఉంది. గడ్డకున్న ఎండువేళ్లు గోకేసి, అడుగు మాత్రమే నీళ్లకు తగిలేలా సీసా మూతి మీద నిలబెట్టాలి. మన ఎండలకు నీళ్లు త్వరగా కుళ్లుతాయి, రోజూ మార్చాలి. కొత్త వేళ్లు ఒకటి రెండు సెంటీమీటర్లు కాగానే ఉదయంపూట కొనలు కత్తిరించి, మూడు పాళ్లు ఆల్కహాల్, ఒక పాలు గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచాలి. తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే మధ్యాహ్నం బ్యాచ్‌కూ ఉదయపు కణాలే అందుతాయి.

1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా ముందే సిద్ధం చేయాలి: సుమారు 8.3 మి.లీ. గాఢ ఆమ్లాన్ని నీళ్లలో మెల్లగా పోసి మొత్తం 100 మి.లీ. చేయాలి. ఆమ్లంలో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. ఈ పని అటెండరు ఒక్కరికే వదిలేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మలేరియా పరాన్నజీవి, కోడి పిండం వంటివి పిల్లలు చేసేవి కావు, అవి కొనాల్సిందే. పరీక్షలో స్పాటర్లకూ (చూసి గుర్తుపట్టాల్సిన నమూనాలకూ) పర్మనెంట్ స్లైడే న్యాయం, అందరికీ ఒకే నమూనా ఉంటుంది. ఫోనులో చూసే వర్చువల్ ల్యాబ్ పునశ్చరణకు సరిపోతుంది, అంతే.

ఈ సెమిస్టరులో వ్యవధి లేకపోతే ఒక్క బ్యాచ్‌తోనైనా స్క్వాష్ మొదలుపెట్టండి. కొన్న స్లైడ్ ఒకటి పక్క బల్ల మీద మైక్రోస్కోపులో బిగించి ఉంచితే, తమకు దొరికిన దశ ఏదో పిల్లలు పోల్చి చూసుకుంటారు.