పాత పద్మిని కారులో శ్రీశైలం: గ్యారేజ్ డబ్బాల బిల్లు 4,850, అసలు రిపేర్‌కు 740

పాత బండి మీద దూరం పోయేటోళ్ళు గ్యారేజ్‌ల కాలు పెట్టేముందు ఇది చదవండి. మాది 1978 ప్రీమియర్ పద్మిని కారు, నాన్న కొన్నది, 1089 సీసీ, స్టీరింగ్ పక్కన గేరు. 50 ఏండ్లు నిండలే కాబట్టి గవర్నమెంట్ లెక్కల ఇంకా వింటేజ్ కాదు. అయినా 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ చేపిస్తే మామూలుగా తిరగనియ్యరు, ర్యాలీ, ఎగ్జిబిషన్, పెట్రోల్, రిపేర్ గింతవరకే, అందుకే ఆర్సీ రెన్యువల్ చేపించుకుంటనే వస్తున్నం.

వానకాలమంతా బండి మల్కాజ్‌గిరిల ఇంటి ముందట కవర్ కిందనే ఉండె. శ్రీశైలం పోదామని నాన్న అనంగనే మా బావ తనకు తెల్సిన గ్యారేజ్ ఉందని తీస్కపోయిండు, బయట పెద్ద బోర్డు, పాత బండ్ల స్పెషలిస్ట్ అని. మేం చెప్పింది ఒక్కటే, ట్యాంకుల పాత పెట్రోల్ తీసెయ్యి, పైపులు, ఫిల్టర్ చూడు అని. సాయంత్రం పోతే గ్యారేజోడు బిల్లు చేతిల పెట్టిండు: ఆక్టేన్ బూస్టర్ 950, ఇంజెక్టర్ క్లీనర్ 1,100, లెడ్ సబ్‌స్టిట్యూట్ 1,300, స్టెబిలైజర్ 900, లేబర్ 600, మొత్తం 4,850. పాత పెట్రోల్ మాత్రం ట్యాంకుల అట్లనే ఉంది, దాంట్లనే ఈ నాలుగు మందు డబ్బాలు గుమ్మరించిండ్రు. పాత బండ్లల్ల ఇంజన్‌కు పెట్రోల్ గాలిల కలిపి ఇచ్చేది కార్బ్యురేటర్, ఇంజెక్టర్ కొత్త బండ్లకు ఉంటది. కార్బ్యురేటర్ బండికి ఇంజెక్టర్ యాడికెళ్ళి వచ్చింది అని నాన్న అడిగితే, "అన్నీ ఒకటే సార్, బండి ఉరుకుతది చూడుండ్రి" అన్నడు. నాన్న మళ్ళ ఒక్క మాట మాట్లాడలే, పైసలు కట్టి బండి తెచ్చినం.

ఒక్కో డబ్బాకి ఒక్కో పని ఉంటది, అది ఒప్పుకుంట. కాని స్టెబిలైజర్ అనేది తాజా పెట్రోల్‌ల కలపాలె, పెట్రోల్ పాడుగాకుండ, జిగట కట్టకుండ అది ఆపుతది, ఇప్పటికే పాడైనదాన్ని బాగు చెయ్యదు. ఆక్టేన్ బూస్టర్ ఇంజన్ టక్‌టక్ కొట్టుకోకుండ పోసేది, తక్కువ కంప్రెషన్ ఉన్న, అంటే పెట్రోల్-గాలిని తక్కువ ఒత్తే ఈ ఇంజన్‌కి దండగ. లెడ్ సంగతంటరా, వాల్వులు అరగకుండ వెనకట పెట్రోల్‌ల కలిపే సీసం అది, దాని బదులు పోసేదే ఈ డబ్బా. దేశమంతా లెడ్ పెట్రోల్ 2000 లనే బంద్ అయింది, అప్పటి నుంచి మా బండి మామూలు పెట్రోల్ మీదనే తిరుగుతుంది, వాల్వులకు ఏం కాలే. హెడ్ ఇనుముది ఉన్న పాత అంబాసిడర్లు గిట్ల ఉన్నోళ్ళు హైవే మీద గంటల కొద్దీ తొక్కుతరంటే ఆ డబ్బా గురించి ఆలోచించొచ్చు, పద్మినిది అల్యూమినియం హెడ్, వాల్వులు కూసునే సీట్లు వేరేగ దిగ్గొట్టి ఉంటయి.

పొద్దున 5 గంటలకు బయల్దేరి 2,700 పెట్రోల్ కొట్టిచ్చినం. కల్వకుర్తి దాక ఏ రంది లేదు. డిండి దాటినంక బండి గుంజుడు మొదలుపెట్టింది, యాక్సిలరేటర్ తొక్కితే దగ్గుతుంది, వదిలితే ఆగుతుంది, హాజీపూర్ చౌరస్తా ఇంకా కొంచెం దూరం ఉందనంగ మొత్తానికే ఆగిపోయింది. అమ్మ వెనక సీట్ల కూసోని శివయ్యను తల్సుకుంటుంది, బావ ఫోన్ చూసుకుంట చెట్టు కిందికి పోయిండు. ముందట మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటితే అడవే, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక మూస్తరు, దానికి ముందే ఇక్కడ ఆగింది కాబట్టి సరిపోయింది, అదే లోపల టైగర్ రిజర్వ్‌ల ఆగుంటే ఫోన్ సిగ్నల్ గుడ ఉండేది కాదు.

చౌరస్తా నుంచి ఒక మెకానిక్ పెద్దాయన వచ్చిండు, స్కూటర్ మీద, టూల్స్ సంచి ఒకటి. సోలెక్స్ కార్బ్యురేటర్ గిన్నె విప్పి నా అరచేతిల పెట్టిండు. కింద టీ డికాషన్ రంగు జిగట, అందుల తుప్పు పొట్టు, పెట్రోల్ పోయే సన్న జెట్ బొక్క పూర్తిగ మూసుకపోయింది. ఫిల్టర్‌ల ఊదితే గాలి రావట్లే. "ఇన్నేండ్ల మురికి ట్యాంకుల అడుగుకు పట్టి నిమ్మలంగ ఉండె భాయ్, క్లీనర్ పోసి దాన్ని లేపిండ్రు" అన్నడు. అంతే సంగతి, క్లీనర్ పని చేసింది కాబట్టే బండి ఆగింది, ట్యాంకు కడగకుండ పోస్తే ఆ మురికంతా నేరుగ ఫిల్టర్‌కే వస్తది. ట్యాంకుల నుంచి పెట్రోల్ గుంజే పంపు ఇంజన్ కాడనే ఉంటది, దాని రబ్బరు పైపు గుడ చూపిచ్చిండు, వేలితో నొక్కితే మెత్తగ, ఉబ్బి ఉంది. ఇప్పుడు బంకులల్ల పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్, పాత రబ్బరుకు అది పడదు, పైగా తేమ గుంజుతది, నెలల కొద్దీ నిలవుంటే నీళ్ళు వేరై అడుగుకు దిగుతయి, అప్పుడు ఏ డబ్బా పోసినా మళ్ళ కలవదు.

ట్యాంకు మొత్తం డ్రెయిన్ చేసి, లైన్ ఊది, కొత్త ఫిల్టర్ 120, పైపు 120, మజూరి 500, మొత్తం 740. నాన్న వెయ్యి ఇస్తే చిల్లర లెక్కబెట్టి వాపస్ ఇచ్చిండు. ఆయన పోయినంక బావ నా దగ్గరికొచ్చి "ఆ 4,850 నేనిస్త" అన్నడు, నాన్న ఒప్పుకోలే. అక్కడి నుంచే గ్యారేజోనికి ఫోన్ చేస్తే కొండల మీద పాత బండి ఆగుడు మామూలే అని పెట్టేసిండు. బిల్లు మీద జీఎస్టీ నంబర్ లేదు, కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915 కి కంప్లెయింట్ ఇచ్చినం.

శ్రీశైలంల దర్శనం మంచిగైంది. రూమ్ సంగతే చెప్పాలె. ఆన్‌లైన్‌ల 1,200 అని పెట్టిన ఒక లాడ్జి, తీరా పోతే "నలుగురు కదా" అని 2,000 అన్నడు, గీజర్ లేదు, బకెట్ వేడి నీళ్ళకు 40. నాన్న చెప్పుల మీదనే వెనక్కి తిరిగిండు. సత్రంల 900 కి శుభ్రమైన రూమ్ దొరికింది, ఆధార్ అడుగుతరు, అంతే. ముందే సత్రాలకు ఫోన్ చేసి పోండి.

వచ్చేటప్పుడు పాతాళగంగ దాటి దోమలపెంట ఘాట్ ఎక్కుతుంటే మిట్ట మధ్యాహ్నం మళ్ళ ఆగింది, ఈసారి నాన్ననే బానెట్ ఎత్తి పంపు మీద తడి తువ్వాల కప్పిండు, పావుగంటల స్టార్ట్. వేడికి పెట్రోల్ పంపుల్నే ఆవిరైతది, ఇథనాల్ కలిసినంక అది ఇంకింత తొందరగ ఐతది, కాబట్టి ఎండాకాలం ఘాట్ ఎక్కేది ఉంటే పొద్దున్నే ఎక్కండి, ఒక డబ్బా నీళ్ళు, తువ్వాల డిక్కీల ఉండాలె. దర్శనం దాక నీసు ముట్టలే కాబట్టి వటవర్లపల్లిల ఒక ఇంటి ముందట జొన్నరొట్టె, నాటుకోడి కూర తిన్నం, నలుగురికి 680. ఆ కారం, ఆ పులుసు, అమ్మ రెండోసారి అడిగి మరీ పోయించుకుంది, బావ మాట్లాడుడు అక్కడనే మొదలైంది.

ఇప్పుడు బండి మళ్ళ కొన్ని నెలలు నిలబడతది. ఈసారి మేమే ట్యాంకు తాజా పెట్రోల్‌తో నిండుగ కొట్టిచ్చి, లోపల ఖాళీ లేకుంటే తేమ తక్కువ పడ్తది గదా, డబ్బా మీద రాసిన కొలతకు స్టెబిలైజర్ కలిపి, పదిహేను నిమిషాలు ఇంజన్ నడిపినం, అప్పుడే అది కార్బ్యురేటర్ దాక చేరుతది. ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరు పైపులు ట్యాంకు నుంచి పంపు దాక మార్పిస్తున్నం. క్లీనర్ డబ్బా మాత్రం ట్యాంకు దించి కడిగించేదాక ఇంట్లకు తేవద్దని నాన్న ఆర్డర్.