కొత్త యాక్షన్ ఆర్‌పీజీ కొనేముందు విమర్శకుల మాటా, ఆటగాళ్ల మాటా: ఏది మేలు?

కత్తులూ మంత్రాలూ రాక్షసులూ నిండిన కొత్త యాక్షన్ ఆర్‌పీజీ (పాత్రను పెంచుకుంటూ, మనమే పోరాడే వీడియో గేమ్) విడుదలైన వారంలో దాని మీద రెండు తీర్పులు పక్కపక్కనే కనబడతాయి: రివ్యూల మార్కులను పోగుచేసే మెటాక్రిటిక్ సైటులో విమర్శకుల సగటు, పీసీ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోరులో డబ్బు పెట్టి కొన్నవారి రివ్యూలు. ఈ రెండింటికీ చాలాసార్లు పొంతన కుదరదు. 2024 మార్చి 22న క్యాప్‌కామ్ విడుదల చేసిన డ్రాగన్స్ డాగ్మా 2 ఇందుకు మంచి ఉదాహరణ. విమర్శకులు దానికి నూటికి 80 దాటిన సగటు ఇవ్వగా, స్టీమ్‌లో మాత్రం మొదటి రోజే ‘మోస్ట్లీ నెగటివ్’ (ఎక్కువమంది వద్దన్నారన్న) ముద్ర పడింది.

అసలు ఆ రెండు అంకెలూ ఒకే కొలమానంతో కొలిచినవి కావు. మెటాక్రిటిక్ విమర్శకుల మార్కులకు వేర్వేరు ప్రాధాన్యాలిచ్చి సగటు కడుతుంది. స్టీమ్ అడిగేది మాత్రం ఒక్కటే, ఈ ఆటను ఇతరులకు సిఫారసు చేస్తారా లేదా అని. ‘ఫరవాలేదు, ఆడవచ్చు’ అనుకున్న మనిషీ, ‘ఇంత గొప్ప ఆట మరొకటి లేదు’ అనుకున్న మనిషీ అక్కడ ఒకే బొటనవేలు పైకెత్తుతారు. అందువల్ల 2024 ఆగస్టులో వచ్చిన బ్లాక్ మిత్: వుకాంగ్‌కు విమర్శకుల సగటు 80 దాపున ఉండి, స్టీమ్‌లో సిఫారసు చేసినవారి శాతం 95 దాటినప్పుడు, విమర్శకులు ఆ ఆటకు అన్యాయం చేశారని వాదించడం సరికాదు. బాస్‌లతో, అంటే ఆటలో ఎదురయ్యే పెద్ద శత్రువులతో, పోరాటాలను మెచ్చుకుంటూనే, దారి ఉన్నట్టు కనబడే చోట అడ్డుపడే అదృశ్యపు గోడలను విమర్శకులు ఎత్తిచూపారు. కొన్నవారిలోనూ అనేకులు ఆ గోడలకు విసుక్కుంటూనే ‘సిఫారసు చేస్తాను’ అన్నారు.

విమర్శకుడి బలం వివరణలో ఉంది. పోరాటంలో లయ ఎలా ఉంది, ఆయుధం మార్చితే ఆడే తీరు నిజంగా మారుతుందా, ఇరవై గంటలు గడిచాక అన్వేషణ విసుగు పుట్టిస్తుందా అన్న ప్రశ్నలకు, ఆ కోవకు చెందిన ఆటలు ఎన్నో ఆడినవారే నిలకడగా జవాబు చెప్పగలరు. అయితే వారికి అందే కాపీ విడుదలకు ముందటిది, అదీ చాలాసార్లు ప్రచురణకర్త ఎంచిన యంత్రానికి మాత్రమే. వుకాంగ్ విషయంలో ముందస్తు రివ్యూలు పీసీ మీద ఆడి రాసినవే కాబట్టి, పీఎస్5 (సోనీ గేమ్ కన్సోల్) ఉన్నవారికి తమ యంత్రం మీద అది ఎలా నడుస్తుందో వాటి వల్ల తెలియలేదు.

ఆటగాళ్ల రివ్యూలు ఎక్కువగా అక్కరకొచ్చేది ఇక్కడే. డ్రాగన్స్ డాగ్మా 2లో ఊరి బయట సాఫీగా నడిచే ఆట వెర్న్‌వర్త్ నగరంలో అడుగుపెట్టగానే తడబడేది. వీధుల్లో తిరిగే ప్రతి పాత్ర కదలికలనూ లెక్కించే భారం ప్రాసెసర్ మీద పడడం దీనికి ప్రధాన కారణం. గ్రాఫిక్స్ సెట్టింగులు తగ్గించినా అక్కడ పెద్దగా ఫలితం ఉండేది కాదు. విమర్శకుల్లో కొందరు దీన్ని ప్రస్తావించారు, కానీ ఏ యంత్రం మీద ఎంత ఇబ్బంది అన్న సంగతి వేలాది కొనుగోలుదారుల మాటల్లోనే తేటతెల్లమైంది. విడుదల రోజున స్టోరులో కనబడిన మైక్రో ట్రాన్సాక్షన్ల (ఆటలో వాడే వస్తువులను విడిగా డబ్బుకు అమ్మడం) మీద ఆగ్రహమూ అక్కడే పెల్లుబికింది. ఆ వస్తువులు ఆటలో ఆడి సంపాదించుకోగలిగినవే. అయినా పూర్తి ధర చెల్లించినవారికి కోపం రావడం న్యాయమేనని నా అభిప్రాయం.

అయితే తొలి రోజుల ఆగ్రహమంతా లోపానికి కొలమానం కాదు. 2024 జూన్‌లో ఎల్డెన్ రింగ్‌కు విస్తరణగా వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీని విమర్శకులు ఆకాశానికెత్తగా, స్టీమ్‌లో మొదట ‘మిక్స్‌డ్’ (మిశ్రమం) అనిపించుకుంది. పీసీలో ఎదురైన సాంకేతిక చిక్కులతో పాటు మితిమీరిన కష్టం మీదా ఫిర్యాదులు వచ్చాయి. ఆ లోకంలో దెబ్బ బలమూ రక్షణా పెరగాలంటే స్కాడూట్రీ శకలాలు వెతికి వాడుకోవాలి. అసలు ఆటలో సంపాదించిన పాత లెవెల్‌ను నమ్ముకుని నేరుగా బాస్‌ల మీదికి వెళ్లినవారికి రెండు దెబ్బలకే ప్రాణం పోయేది. వారం తిరగకుండానే ఆట తయారీదారు ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ ఆ శకలాల తొలి దశల ప్రభావాన్ని పెంచింది. కష్టం గురించి నిన్న రాసిన రివ్యూ రేపటికి పాతబడే అవకాశం ఈ తరహా ఆటల్లో చాలా ఎక్కువ.

నన్నడిగితే, ఈ ఆట మన అభిరుచికి సరిపడుతుందా అన్న ప్రశ్నకు విమర్శకుల రివ్యూయే మేలు, అంకెను పక్కన పెట్టి పూర్తి పాఠం చదివితే. మెచ్చిన రివ్యూ ఒకటి, పెదవి విరిచిన రివ్యూ ఒకటి చదివితే, ఇద్దరూ ఒప్పుకున్న లక్షణాలు ఆటలో నిజంగా ఉన్నవని తేలుతుంది. మన యంత్రం మీద ఇవాళ సరిగా నడుస్తుందా అన్నదానికి మాత్రం స్టీమ్‌దే పైచేయి. అక్కడ ప్రతి రివ్యూ పక్కనే ఆడిన గంటలు కనబడతాయి కాబట్టి, అరగంటలో క్రాష్ అయిందన్న మాటను సాంకేతిక సమాచారంగానూ, నలభై గంటల తర్వాత కథ నీరసించిందన్న మాటను ఆట మీద అభిప్రాయంగానూ వేరుచేసి తీసుకోవచ్చు. లోపాలు సరిదిద్దే మొదటి ప్యాచ్ వచ్చేదాకా ఆగగలిగినవారు మొత్తం శాతాన్ని వదిలి, ఇటీవలి రివ్యూల వరకే చూసుకుంటే చాలు.