బైకు మీద రైఫిల్ సంచీ: రెండు రన్నర్ల జిప్ గురించే ఎక్కువ

ఈ సంచీలో నాకు అన్నిటికన్నా నచ్చింది దాని జిప్. స్పాంజి మందం, గుడ్డ రకం, జేబుల సంఖ్య దుకాణంలో ఎవరైనా చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. జిప్‌కు రెండు రన్నర్లు ఉన్నాయి. సంచీ పొడవునా ఎక్కడ కావాలంటే అక్కడ, జానెడు మేర మాత్రమే తెరవవచ్చు. ఇంట్లో కూర్చుని చూస్తే ఇందులో ఏముంది అనిపిస్తుంది. లైసెన్స్ ఉన్న రైఫిల్‌ను వీపున వేసుకుని హైదరాబాద్ రోడ్ల మీద బండి నడిపేవాడికి అలా అనిపించదు.

నేను 50 మీటర్ల ప్రోన్ విభాగంలో, అంటే బోర్లా పడుకుని, .22 రైఫిల్ కాలుస్తాను. ఇల్లు మెహిదీపట్నం వైపు, సాధన గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో. కారు లేదు, ఇప్పట్లో కొనే ఉద్దేశమూ లేదు. ఐదు కిలోలు దాటిన రైఫిల్, నాలుగడుగుల సంచీ, నూట యాభై సీసీ బండి. ఈ సమీక్షంతా ఆ కొలతల్లోనే చదువుకోండి. సంచీ మీది కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే కుట్టుతో, ఇదే జిప్‌తో వేరే పేర్ల మీద కూడా వస్తోంది.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే సంచీ ఎంపిక అక్కడే మొదలవుతుంది. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో తీసుకెళ్లే తుపాకీ పూర్తిగా కప్పి ఉండాలి, తీసుకెళ్లే మనిషి అదుపులో ఉండాలి. పిస్టల్ అయితే హోల్‌స్టర్‌లో గానీ మామూలు వీపు సంచీలో గానీ పెట్టుకోవచ్చు. రైఫిల్‌కు ఆ వెసులుబాటు లేదు, దానికోసం తయారైన సంచీయో పెట్టెయో కావాలి. దుప్పటిలో చుట్టి, వెనక సీటుకు రబ్బరు తాడుతో బిగించి తెచ్చేవాళ్లను చూశాను. కప్పి ఉందా అంటే ఉంది. తాడు జారి రోడ్డు మీద పడితే అది ఎవరి అదుపులో ఉన్నట్టు? నా మటుకు నాకు బైకు మీద రైఫిల్‌కు తగిన చోటు వీపే. దానికి మూల్యం కూడా ఉంది: రేంజ్ నుంచి ఇల్లు చేరేదాకా దాన్ని దించి పక్కకు వెళ్లడం ఉండదు. పెట్రోల్ బంకు, టీ కొట్టు, మందుల దుకాణం, ఎక్కడికైనా అది మనతోనే. ఒంటికి వెళ్లాలన్నా వాయిదా వేసుకోవడమే.

ఇక జిప్ అక్కరకు వచ్చిన రోజు. 2023 శాసనసభ ఎన్నికల వేళ. అక్టోబరు 9న షెడ్యూలు వచ్చింది, ఆ రోజు నుంచే కోడ్, ఎక్కడ చూసినా తనిఖీ బృందాలు. 50 వేలకు మించిన నగదుకు కాగితాలు చూపించాల్సిన రోజులు. సాయంత్రం సాధన ముగించుకుని వస్తుంటే బారికేడ్ల దగ్గర ఆపారు. వాళ్లు వెతుకుతున్నది డబ్బు, మద్యం. వీపున నాలుగడుగుల నల్ల సంచీ ఉన్నవాడు కనబడితే ఎందుకు వదులుతారు?

"ఇందులో ఏముంది?"

"రైఫిల్ సార్. క్రీడా లైసెన్స్ ఉంది."

కానిస్టేబుల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. పక్క బండిమీది కుర్రాడు రెండు అడుగులు ముందుకొచ్చాడు. మన ఊళ్లో జనం తీరే అంత. ఎస్సై వచ్చి ఇంజన్ ఆపించి లైసెన్స్ అడిగారు. ఆయుధం తీసుకెళ్తున్నవారిని లైసెన్స్ చూపించమని అడిగే అధికారం ఆయుధాల చట్టం 19వ సెక్షన్ కింద ఏ పోలీసు అధికారికైనా ఉంది, అందులో చిన్నబుచ్చుకోవడానికి ఏమీ లేదు. ఎన్నికల సమయంలో లైసెన్స్ తుపాకులు స్టేషన్‌లో జమ చేయాలన్న ఆదేశం వస్తుంది. రైఫిల్ అసోసియేషన్ సభ్యులై పోటీల్లో పాల్గొనే క్రీడాకారులకు అందులో మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు కాగితమూ లైసెన్సూ నడుం పట్టీ పక్కనున్న జేబులోనే ఉంటాయి కాబట్టి సంచీ దించకుండానే తీసిచ్చాను. ఆయన చదివి, అనుకున్నట్టే, తుపాకీ నంబరు సరిచూడాలన్నారు.

అసలు ఇబ్బంది ఇక్కడే ఉంటుంది. నా పాత సంచీకి జిప్ పైనుంచి కిందికి మాత్రమే వచ్చేది. నంబరు చూపించాలంటే బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, మొత్తం బయటపడేది. జనం నడుమ, సాయంత్రపు ట్రాఫిక్‌లో, రోడ్డు పక్కన రైఫిల్ తెరిచి పెడితే ఎవరో ఒకరు ఫోనులో తీస్తారు. రాత్రికి అది ఏ కథతో ఎన్ని గ్రూపుల్లో తిరుగుతుందో చెప్పలేం. "రోడ్డు మీద బయటకు తీయను సార్, నంబరు ఉన్నచోట మాత్రం తెరుస్తాను" అన్నాను. ఆయనకూ అదే నయమనిపించినట్టుంది, సరేనన్నారు.

సంచీని బండి సీటు మీద అడ్డంగా పెట్టి, రెండు రన్నర్లనూ రిసీవర్, అంటే నంబరు చెక్కి ఉన్న నడిమి ఇనుప భాగం, దగ్గరికి జరిపి జానెడు తెరిచాను. ముందు కనిపించింది తూటా కూర్చునే చాంబర్‌లో పెట్టే నారింజ రంగు ప్లాస్టిక్ జెండా, తూటా లేదని చెప్పే గుర్తు. తూటాను లోపలికి నెట్టి మూసే బోల్ట్ విడిగా వేరే జేబులో ఉందని చూపించాను. కానిస్టేబుల్ ఫోను వెలుతురులో వంగి ఒక్కో అంకె పైకి చదువుతుంటే ఎస్సై లైసెన్స్ మీద వేలు పెట్టి సరిచూసుకుంటున్నారు. ఒకచోట మూడా ఎనిమిదా అని ఆగిపోయారు. చెక్కిన గీతల్లో నూనె మురికి. బొటనవేలితో తుడిస్తే ఎనిమిది. తర్వాత తూటాల పెట్టె అడిగారు, మిగిలినవి లెక్కపెట్టి రాసుకున్నారు. బృందంలో వీడియో తీసే అబ్బాయి కెమెరాను సంచీ దాకా తెచ్చాడు గాని అతనికి దొరికింది జానెడు ఇనుమే. జిప్ మూసి సంచీ వీపున వేసుకుని వచ్చేశాను. మొత్తం మీద ఒక సిగ్నల్ దగ్గర ఆగినదానికన్నా కాస్త ఎక్కువ సమయం పట్టిందేమో.

ఆ రోజు తర్వాత ఈ సంచీని రేంజ్‌లో అందరికీ పొగిడాను. ఇప్పుడూ పొగుడుతాను, కొంచెం తగ్గించి. రెండు రన్నర్లు ఉన్న జిప్‌లో కింది రన్నర్ ముందు అరుగుతుంది. బట్, అంటే రైఫిల్ వెనక కొస, కిందికి ఉండేలా వేసుకుంటాం కాబట్టి బరువంతా అటే. స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ బట్ సీటుకు తగిలి ఎగురుతుంది, ఆ కుదుపుకు రన్నర్ తనంతట తానే రెండు వేళ్ల మేర పైకి జారడం మొదలైంది. మామూలు సంచీ అయితే పట్టించుకోనక్కర్లేదు. తుపాకీ పూర్తిగా కప్పి ఉండాలన్న నియమం ఉన్నచోట అది చిన్న లోపం కాదు. దర్జీ మొదట కటింగ్ ప్లేయర్‌తో నొక్కి ఇచ్చాడు, కొన్నాళ్లకు రన్నరే మార్చాడు. ఇప్పుడు రెండింటినీ పైకి తెచ్చి, వాటి చెవుల్లోంచి సూట్‌కేసు తాళం వేస్తున్నాను. ఆ తాళంచెవి బండి తాళాల గుత్తిలోనే ఉంటుంది.

గుడ్డలోంచి నీళ్లు దిగవని కూడా మొదటి వానాకాలంలో చెప్పేవాడిని. గుడ్డలోంచి నిజంగానే దిగవు. జిప్ వెంబడి మాత్రం చెమ్మ చేరుతుంది, స్పాంజి దాన్ని వదలదు. తడిసినా తడవకపోయినా ఇల్లు చేరగానే రైఫిల్ బయటకు తీసి, తుడిచి, నూనె గుడ్డ రాసి లాకర్‌లో పెట్టడం, సంచీని తెరిచి ఫ్యాను కింద ఆరేయడం తప్పదు. ఆ స్పాంజిలో రాత్రంతా ఉంచితే బ్యారెల్‌కు తుప్పు పట్టవచ్చు.

ఎత్తు మరో చికాకు. సంచీ పై కొస హెల్మెట్‌ను దాటి ఉంటుంది. తల తిప్పి వెనక్కి చూస్తే హెల్మెట్ దానికి తగులుతుంది, అద్దాల మీదే ఆధారపడాలి. షేక్‌పేట ఫ్లైఓవర్ మీద పక్కగాలి కొడితే సంచీ తెరచాపలా మనిషిని లాగుతుంది. ఛాతీ పట్టీ బిగిస్తే సగం తగ్గుతుంది, వేగం తగ్గిస్తే మిగతా సగం. అవుటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారిలో ద్విచక్ర వాహనాలకు ఎలాగూ ప్రవేశం లేదు, సర్వీసు రోడ్డులో స్పీడ్ బ్రేకర్ల సంగతి పైన చెప్పాను. వెనక ఎవరినైనా ఎక్కించుకోవడం గురించి అడగవద్దు.

మరి కొనవచ్చా? కారు ఉన్నవాళ్లకు తాళం పడే గట్టి పెట్టె మేలు, ఇది అక్కర్లేదు. పిస్టల్ వాళ్లకు మంచి వీపు సంచీ చాలు. 20 జౌల్స్ శక్తికి, 4.5 మిల్లీమీటర్ల గొట్టం వెడల్పుకు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సే అవసరం లేదు గనుక నంబరు సరిచూసే తతంగం అంత ఉండకపోవచ్చు, అయినా రైఫిల్ కొన్న బిల్లు సంచీలో ఉంచుకోండి. పొట్టివాళ్లు ఒకసారి వేసుకుని బండి మీద కూర్చుని చూడాలి, నాకు ఐదు అడుగుల పది అంగుళాల ఎత్తు ఉన్నా సీటుకు తగులుతోంది. రోజూ ఒకే నగరంలో, ఓ గంట లోపు ప్రయాణంలో, లైసెన్స్ రైఫిల్‌ను బైకు మీద తీసుకెళ్లేవారికైతే ఇంతకన్నా పనికొచ్చేది నేను వాడలేదు. వాడినవే తక్కువ, అది కూడా నిజమే.

మొన్న దుకాణంలో ఇదే సంచీ కొత్త సరుకు చూశాను. పై జేబులు పెంచారు, జిప్‌కు మాత్రం ఒకే రన్నర్ ఉంది. కొనేముందు జిప్‌ను రెండు వైపుల నుంచీ లాగి చూసుకోండి.