ఏటిగట్ల నుంచి ఇటలీకి: ఒక బృంద యాత్రపై సమీక్ష

అమలాపురం, భీమవరం, రాజమహేంద్రవరం వైపు వారిని కూడగట్టి ఏటా ఐరోపాకు తీసుకువెళ్లే ఒక స్థానిక యాత్రా సంస్థ ద్వారా ఇటీవలి శరదృతువులో మేము ఇటలీ చూసి వచ్చాము. బృందంలో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, రొయ్యల చెరువుల రైతులు. దాదాపు అందరూ యాభై దాటినవారే. మనిషికి మూడు లక్షల రూపాయలు దాటిన ఖర్చుకు దక్కిందేమిటో, దక్కనిదేమిటో బయలుదేరాలనుకునే వారికి తెలియజేయడమే ఈ సమీక్ష ఉద్దేశం. వీసా పనులు, బస, భోజనం విషయంలో ఈ సంస్థను తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే ఇటలీలో చూడవలసినవి చాలావరకు తలుపుల వెనుక, టికెట్ల మీద, నిర్ణీత వేళల్లో ఉంటాయి. ఆ తలుపులు ఏ రోజు తెరుస్తారో, ఏ రోజు మూస్తారో చూసుకోకుండా కార్యక్రమం వేసుకుంటే ఎంత మంచి హోటలు ఇచ్చినా లోటు తీరదు.

వీసా సంగతి క్లుప్తంగా చెబుతాను. వేలిముద్రల కోసం హైదరాబాదు వెళ్లక తప్పదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కాగితాలన్నీ సంస్థ వారే సరిచూసి ఇచ్చారు.

రోమ్‌లో కొలోసియం ఏర్పాటు మెచ్చుకోదగినది. ఇప్పుడు ఆ టికెట్ల మీద సందర్శకుల పేర్లు ముద్రిస్తారు, ద్వారం దగ్గర పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు. మన వైపు ఇంటిపేరును పొడి అక్షరంగా రాసే అలవాటు వల్ల ఇక్కడ చిక్కు రావడానికి అవకాశం ఎక్కువ. నిర్వాహకులు ప్రతి పేరునూ పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తిగా నమోదు చేయించారు కనుక మా వరుస ఆగకుండా సాగింది. వెస్పాసియన్ చక్రవర్తి మొదలుపెట్టిన ఈ రంగస్థలాన్ని ఆయన కుమారుడు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడు. నేల అంతస్తులో 80 ద్వారాలు ఉండేవి. నిలిచి ఉన్న వెలుపలి గోడలో 23 నుంచి 54 వరకు ద్వార సంఖ్యలు కమానుల మీద ఇప్పటికీ రోమన్ అంకెల్లో కనబడతాయి. ఆనాటి ప్రేక్షకుడు తన చీటీలోని అంకెను బట్టి ద్వారం వెతుక్కునేవాడని మార్గదర్శకురాలు చెప్పినప్పుడు, వేలమంది జనాన్ని తోపులాట లేకుండా లోపలికి పంపి బయటికి తెచ్చే ఆ పద్ధతి మీద మా బృందంలో చాలాసేపు చర్చ జరిగింది. జంతువులను, ఆయుధాలతో పోరాడే గ్లాడియేటర్లను ఉంచిన నేలమాళిగలోకి మామూలు టికెట్టు మీద పంపరు, పైనుంచి చూడవలసిందే. అదే టికెట్టు మీద ప్రాచీన నగర కూడలి అయిన రోమన్ ఫోరం, పాలటైన్ కొండ కూడా చూడవచ్చు. మాకు మాత్రం ఫోరంను గట్టు మీద నుంచి చూపించి బస్సు ఎక్కించారు. డబ్బు కట్టిన చోటికి కాలు పెట్టనివ్వకపోవడం నాకు నచ్చలేదు.

ప్రాచీన రోమన్ ఆలయం పాంథియన్ దగ్గర ఎక్కువ సేపు ఆగనవసరం లేదు గాని, లోపలికి వెళ్లి తీరాలి. ఇనుప కడ్డీ ఒక్కటీ లేని ఆ కాంక్రీటు గుమ్మటం అడ్డుకొలత 43.3 మీటర్లు, నేల నుంచి పైరంధ్రం వరకు ఎత్తు కూడా అంతే. పైకి వెళ్లేకొద్దీ తేలికైన రాళ్లను, చిట్టచివర నురుగురాయిని కలపడం వల్ల బరువు తగ్గి అది నేటికీ నిలిచింది. నడినెత్తిన ఉన్న రంధ్రానికి మూత లేదు. వాన పడితే నీరు లోపలికే వస్తుంది, నేలలోని చిన్న చిన్న తూముల గుండా పోతుంది.

వాటికన్ మ్యూజియంలకు కేటాయించిన సమయం ఫరవాలేదు, ఎంచుకున్న రోజు కూడా సరైనదే. నెలలో చివరి ఆదివారం ఉచిత ప్రవేశం కనుక ఆ రోజు వెళితే డబ్బు మిగులుతుందని కొందరు సలహా ఇస్తుంటారు. ఆ రోజు ఉండే జనసందోహాన్ని బట్టి పెద్దవారు ఆ సలహా పాటించకపోవడమే మేలు. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు ఉండాలన్న నియమం మా ఆడవారికి సమస్యే కాలేదు. నిక్కరుతో వచ్చిన ఒక కుర్రవాడికే బయట దుప్పటా కొనవలసి వచ్చింది. ఆ సముదాయంలోని ప్రార్థనా మందిరం సిస్టీన్ చాపెల్‌లో ఫోటోలు, మాటలు రెండూ నిషిద్ధం. అందుకే మార్గదర్శకులు ముందుగానే పెరట్లోని పటాల దగ్గర నిలబెట్టి అంతా వివరిస్తారు. ఆ వివరణను అశ్రద్ధ చేసినవారు లోపల మెడ నొప్పి తప్ప మరేమీ మిగుల్చుకోరు. పైకప్పును 1508 నుంచి 1512 వరకు చిత్రించిన మైఖెలాంజెలో, పాతికేళ్లకు పైగా గడిచాక అదే గది గోడ మీద తుది తీర్పును 1541లో ముగించాడు. ఒకే మనిషి యౌవనాన్నీ వార్ధక్యాన్నీ ఒకే గదిలో చూడగలగడం అరుదు. నన్ను అంతకంటే ఎక్కువసేపు నిలిపింది మాత్రం దారిలో వచ్చే భౌగోళిక పటాల వసారా. ఇన్యాత్సియో దాంతి అనే పండితుడి ఆధ్వర్యంలో 1580ల మొదట్లో గీసిన 40 పటాలు, 120 మీటర్ల పొడవున రెండు వైపులా ఉన్నాయి. నదులు, కాలువలు, బురద నేలలు ఎంత శ్రద్ధగా గీశారో చూడాలంటే నెమ్మదిగా నడవాలి. వెనుకనుంచి వచ్చే బృందాలు నడవనివ్వవు.

ఇక ఫ్లోరెన్స్. నిర్వాహకులు మమ్మల్ని అక్కడికి సోమవారం నాడు తీసుకువెళ్లారు. ఉఫిజి చిత్రశాలకు, మైఖెలాంజెలో చెక్కిన దావీదు అసలు శిల్పం ఉన్న అకాడెమియాకు, రెండింటికీ సోమవారమే సెలవు. కార్యక్రమ పత్రంలో ‘దావీదు విగ్రహ సందర్శన’ అని అచ్చువేసి, చౌకులో 1910 నుంచి నిలబడి ఉన్న నకలును చూపించడం నాకు సమంజసంగా తోచలేదు. 5.17 మీటర్ల అసలు శిల్పం వాన తాకకుండా 1873 నుంచి భవనం లోపల ఉంది. స్థానిక మార్గదర్శకుడు పరిస్థితి గ్రహించి మమ్మల్ని శాంతా క్రోచే చర్చికి తీసుకువెళ్లాడు. మైఖెలాంజెలో, గెలీలియో సమాధులు అక్కడే ఉన్నాయి. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగినప్పుడు ఈ చర్చిలోకి నీరు, బురద, తాపన యంత్రాల నూనె కలిసి చొరబడ్డాయి; చిమాబూయే చిత్రించిన శిలువ రంగు చాలావరకు రాలిపోయింది. రాలిన చోటును ఊహతో నింపకుండా, నష్టం తెలిసేట్టు వదిలి బాగుచేశారు. 1986 ఆగస్టు గోదావరి వరదను చూసిన మా లంకల వారు ఆ శిలువ ముందు నుంచి త్వరగా కదల్లేదు. వీధుల్లో గోడల మీద ఆనాటి నీటిమట్టం గుర్తులను చూపించమని వారే అడిగి మరీ వెతికించుకున్నారు.

మంగళవారం ఒరిగిన గోపురం ఉన్న పీసా. ఏ యాత్రా సంస్థ అయినా దీనిని ఫోటో దిగే చోటుగానే చూస్తుంది. మాకూ గంట సమయమే ఇచ్చారు. మెత్తని నేల మీద ఇళ్లు కట్టుకునే డెల్టా వారికి ఇంతకంటే పనికివచ్చే చోటు ఇటలీలో లేదని నా అభిప్రాయం. 1173లో పునాది వేసిన ఈ గంటస్తంభం బరువు సుమారు 14,500 టన్నులు. కింద ఉన్నది నది, సముద్రం మేటవేసిన ఇసుక, ఒండ్రు, మెత్తని బంకమన్ను. మూడో అంతస్తు దగ్గరే అది ఒరగడం మొదలైంది. యుద్ధాల వల్ల దాదాపు వంద సంవత్సరాలు పని ఆగడమే దాన్ని కాపాడింది. ఆ వ్యవధిలో కింది బంకమన్ను బరువుకు అణిగి గట్టిపడింది. ఎడతెగకుండా కట్టి ఉంటే కూలిపోయేదని ఇంజనీర్ల లెక్క. 1990లో మూసివేసి, ఒరిగిన వైపు లేపడానికి బదులు ఎత్తుగా ఉన్న ఉత్తరం వైపు నేలలోంచి వాలు గొట్టాలతో కొద్దికొద్దిగా మన్ను తీశారు. స్తంభం తనంత తానే వెనక్కి సర్దుకుంది. 2001 డిసెంబరులో మళ్లీ తెరిచారు. పైకి ఎక్కే టికెట్టు ముందుగా వేళతో సహా కొనుక్కోవాలి. మా ప్యాకేజీలో అది లేదు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలను ఎక్కనివ్వరు.

ఆ మధ్యాహ్నం బస్సు దుకాణ సముదాయానికి వెళ్లగా, మేము కొందరం పీసా స్టేషన్ నుంచి రైలులో గంట ప్రయాణంతో ఫ్లోరెన్స్ చేరి, సొంత ఖర్చుతో ఉఫిజి చూశాము. వాస్తుశిల్పి జార్జియో వసారి 1560లో కార్యాలయాల కోసం మొదలుపెట్టిన భవనం అది. చాలామంది నేరుగా బొత్తిచెల్లి చిత్రాల గదికి పరుగెత్తుతారు. అంతకుముందే చిమాబూయే, దూచ్చో, జొత్తో చిత్రించిన మూడు మేరీమాత చిత్రాలు ఒకే గదిలో ఉన్నాయి. ఒక తరంలోనే బల్లపరుపు బొమ్మకు ఒళ్లూ బరువూ ఎలా వచ్చాయో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

వెనిస్‌లో సంస్థ మళ్లీ పరువు నిలబెట్టుకుంది. ఉదయమే వెనిస్ పూర్వపు పాలకుల భవనం డోజ్ ప్యాలెస్‌కు వేళ ఖాయం చేశారు, సెయింట్ మార్క్ చర్చి పైఅంతస్తుకు కూడా టికెట్లు తీశారు. బయట కనబడే నాలుగు గుర్రాలు నకళ్లు. 1204లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి తెచ్చినవి, 1797లో నెపోలియన్ ఎత్తుకుపోగా 1815లో తిరిగివచ్చినవి లోపల ఉన్నాయి. నగరమంతా బురదలో దిగ్గొట్టిన కొయ్య దుంగల మీద నిలిచింది. గాలి తగలదు కనుక ఆ కొయ్య అంత త్వరగా పుచ్చదు. అక్కడి ప్రయాణికుల పడవలు సఖినేటిపల్లి రేవులో పంటు లాగానే రద్దీగా ఉంటాయి కాబట్టి మా వాళ్లకు కొత్తేమీ అనిపించలేదు. ఆటుపోట్లు 110 సెంటీమీటర్లు దాటుతాయన్న అంచనా ఉంటే సముద్ర ముఖద్వారాల దగ్గర 78 ఇనుప తలుపులు లేస్తాయి. 2020 అక్టోబరు నుంచి ఇవి పనిచేస్తున్నాయి. అంతకంటే తక్కువ పోటుకే నీరు ఎక్కే పల్లపు చౌకులో ఉన్న సెయింట్ మార్క్ చర్చికి మాత్రం చుట్టూ అద్దపు గోడ కట్టారు.

భోజనంలో పప్పు, పెరుగు లోటు రాలేదు. రోమ్ వీధుల్లోని కుళాయిల నీరు నిస్సంకోచంగా తాగవచ్చు, సీసాలు కొనకండి. పాత ఊళ్లలోకి పెద్ద బస్సులను రానివ్వరు. రాళ్లు పరిచిన దారుల్లో చాలా దూరం నడవాలి. మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి ఈ విషయం నిర్వాహకులు ముందు చెప్పలేదు, చెప్పవలసింది.

అకాడెమియా ప్రవేశ రుసుము తిరిగి ఇవ్వమని అడిగాము. వచ్చే బృందానికి ఫ్లోరెన్స్‌ను బుధవారానికి మార్చామని జవాబిచ్చారు, రుసుము మాట ఎత్తలేదు. ఆ మార్పు నిజమై, పీసాకు ఒక పూట కేటాయించి, దుకాణాల కోసం ఉంచిన సమయాన్ని ఫోరంకు ఇస్తే ఐదుకు నాలుగున్నర ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. మేము చేసిన యాత్రకు మాత్రం మూడే.