ఉద్దానం దారిలో మడత చాకులు: ఏ కంపెనీది మన ఉప్పుగాలికి నిలిచింది?

వేసవిలో శ్రీకాకుళం జిల్లా తిరగడానికి వెళ్ళేవాళ్ళు జేబులో ఒక మంచి మడత చాకు పెట్టుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఏప్రిల్ చివరికి ఆ దారుల్లో అడుగడుగునా కోసుకు తినేవే. రోడ్డు పక్క పచ్చిమామిడి, పనసపళ్ళు, జీడిమామిడి పళ్ళు, చుట్టాలింటికి వెళ్తే కొబ్బరికాయలు. ప్రతిసారీ ఎవరినో కత్తిపీట అడగడం కంటే మన చాకు మన దగ్గరుంటే హాయి. అయితే ఏ కంపెనీది కొనాలి అన్న ప్రశ్నకు కేటలాగుల్లో దొరికే జవాబు మన తీరానికి సరిపోదు. అక్కడి ఉప్పుగాలి, పనస జిగురు, మామిడి పులుపు తట్టుకున్నదే మనకు మంచి చాకు.

ఈ ప్రయాణంలో నా దగ్గర విక్టోరినాక్స్ పయనీర్, ఒపినెల్ 8వ నంబరు ఉన్నాయి. మా చిన్నాన్న కొడుకు బక్ 110 తెచ్చాడు. సోంపేట దగ్గర మా మావయ్య ఇంట్లో పాత వెంగర్ ఒకటి ఉందని తెలుసు. అన్నీ పేరున్న కంపెనీలవే. వాటినన్నిటినీ అదే ఎండలో, అవే కాయల మీద వాడి చూశాం.

రైల్లో వెళ్తే దిగాల్సింది శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో. అది ఉన్నది ఆమదాలవలసలో, ఊళ్ళోకి బస్సో ఆటోనో పట్టుకోవాలి. రైలు దిగే వేళకి బయట ఆటోలు బాగానే దొరుకుతాయి, బేరం మాత్రం ఎక్కకముందే తేల్చుకోండి. విశాఖ దాకా విమానంలో వచ్చేవాళ్ళు చాకుని చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి. చేతి సంచిలో ఎంత చిన్న బ్లేడు ఉన్నా తీసేస్తారు.

మొదటి మకాం శ్రీకాకుళంలోనే, ఆర్టీసీ కాంప్లెక్సుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక లాడ్జి. జిల్లా దక్షిణ భాగం చూడాలంటే ఇంతకంటే అనువైన చోటు లేదు. అరసవల్లి పక్కనే, శ్రీకూర్మం, కళింగపట్నం అన్నిటికీ ఇక్కడినుంచే బస్సులు. గది మామూలుగా ఉంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, నీళ్ళకు ఇబ్బంది లేదు. టీ పింగాణీ కప్పుల్లో ఇచ్చారు. ఆ కప్పు సంగతి ఎందుకంటే, బోర్లా తిప్పితే అడుగున నిగారింపు లేని గరుకు అంచు ఒకటి ఉంటుంది. మెత్తటి ఉక్కు బ్లేడుని దాని మీద నాలుగుసార్లు ఇటూ అటూ నడిపిస్తే పదును మళ్ళీ వస్తుంది. విక్టోరినాక్స్ బ్లేడుకి, ఒపినెల్ బ్లేడుకి ఇది చాలు. ఇప్పుడొస్తున్న ఖరీదైన అమెరికన్ చాకుల్లో కొన్నిటి ఉక్కు చాలా గట్టిది, పదును ఎక్కువకాలం ఉంటుంది నిజమే, కానీ పోయిందంటే వజ్రపు పొడి అద్దిన రాయి కావాలి. అది టెక్కలిలోనో సోంపేటలోనో ఎక్కడ వెతుక్కుంటాం?

అరసవల్లి గుడికి, శ్రీకూర్మానికి వెళ్ళినప్పుడు చాకులు గదిలోనే వదిలాం. గుడికి చాకుతో వెళ్ళడం ఎలాగూ బాగుండదు. శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలు, కోనేటి గట్టు, ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్ళు చూసేసరికి పొద్దెక్కింది. అక్కడ మధ్యాహ్నం మండపం నీడలో కూర్చోవడం ఒక్కటే చేయగలిగిన పని.

కళింగపట్నంలో రాత్రి ఉండాలనుకోవడం వెనక చాకుల పరీక్ష కూడా ఉంది. వంశధార సముద్రంలో కలిసే చోటు, పాత దీపస్తంభం, సాయంత్రం పడవలు ఒడ్డుకి లాగే జాలరులు, ఇవన్నీ చూడదగ్గవే. బస మాత్రం నిరాశపరిచింది. పేరు చెప్పను గానీ, సముద్రం వైపు గది అని డబ్బు తీసుకుని, గోడ వైపు గది ఇచ్చారు. అడిగితే మేనేజరు లేడన్నారు. గీజరు పనిచేయలేదు. వేడినీళ్ళు బకెట్లో తెచ్చిచ్చిన కుర్రాడు మాత్రం మర్యాదస్తుడు, వాడి కోసం గొడవ పెట్టుకోకుండా సర్దుకున్నాం. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు కళింగపట్నం సాయంత్రం చూసుకుని శ్రీకాకుళం తిరిగొచ్చేయడమే మంచిది. బస్సులో ఎక్కువసేపు పట్టదు.

ఆ రాత్రి చాకులన్నీ తెరిచి కిటికీ గట్టు మీద పెట్టాం. తెల్లారి చూస్తే ఒపినెల్ బ్లేడు మీద, పిడి దగ్గర, ఆవగింజలంత నారింజ రంగు మచ్చలు లేచాయి. అది కార్బన్ ఉక్కు. పదును పట్టడంలో దానికి సాటి లేదు, కానీ తడిగాలి సోకితే తుప్పే. అదే నంబరులో స్టెయిన్‌లెస్ బ్లేడు కూడా వాళ్ళే చేస్తారు, మన తీరానికి అదే తీసుకోవాలి. పయనీర్ బ్లేడుకి ఏమీ కాలేదు. దాని పిడి అల్యూమినియం, తుప్పు అనే మాటే లేదు. బక్ బ్లేడు కూడా బాగానే ఉంది గానీ పిడి రెండు చివర్ల ఉన్న ఇత్తడి మీద మెరుపు పోయి మసకబారింది. మా తమ్ముడు దాన్ని చింతపండుతో తోమాడు, మళ్ళీ మెరిసింది.

మర్నాడు శాలిహుండం కొండెక్కాం. పైన బౌద్ధ స్తూపాల శిథిలాలు, కింద వంశధార వంపు. పొద్దున్నే ఎక్కాలి, నీళ్ళు తీసుకెళ్ళాలి. అంతకంటే చెప్పేది లేదు.

అక్కడినుంచి ఉత్తరానికి, పలాస మీదుగా సోంపేట. అసలు ఉద్దానం ఇక్కడే. రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి, జీడి, పనస చెట్లు. మా మావయ్య ఒకప్పుడు ఓడల మీద పనిచేశాడు. వెళ్ళీ వెళ్ళగానే బీరువాలోంచి ఎర్ర పిడి వెంగర్ తీసి చేతిలో పెట్టాడు. "అల్లుడూ, తాళ్ళు కోసినా పళ్ళు కోసినా ఇదే. ఇన్నేళ్ళలో స్ప్రింగు వదులవలేదు చూడు" అన్నాడు. తెరిస్తే టక్కుమని గట్టిగా నిలబడింది, మూస్తే అంతే గట్టిగా లోపలికి వెళ్ళింది.

విక్టోరినాక్స్, వెంగర్ అనే ఈ రెండు స్విస్ కంపెనీల పోటీ చిన్నది కాదు. కార్ల్ ఎల్సెనర్ 1884లో ఇబాఖ్ అనే ఊళ్ళో మొదలుపెట్టిన కార్ఖానాయే ఇప్పటి విక్టోరినాక్స్. ఇప్పుడు స్విస్ ఆర్మీ నైఫ్ అని పిలిచే ఆఫీసర్ల చాకుని ఆయన 1897లో రిజిస్టరు చేయించాడు. 1893లో మొదలైన వెంగర్‌ది డెలేమోన్ అనే ఊరు. స్విస్ సైన్యానికి రెండు కంపెనీలూ దశాబ్దాల తరబడి చాకులు సరఫరా చేశాయి. ఒకరు "అసలైనది" అని, ఇంకొకరు "నిఖార్సైనది" అని రాసుకుని అమ్ముకున్నారు. 2005లో విక్టోరినాక్స్ వెంగర్‌ని కొనేసింది, కొన్నేళ్ళకు వెంగర్ పేరుతో చాకులు రావడం ఆగిపోయింది. పాత వెంగర్ ఎవరి ఇంట్లోనైనా ఉంటే పారేయకండి. ఉక్కు, స్ప్రింగు రెండూ విక్టోరినాక్స్‌కి ఏమాత్రం తీసిపోవు. చేతికి పట్టు కుదరడంలో వెంగరే మెరుగని మావయ్య వాదన, నాకూ అలాగే అనిపించింది.

మావయ్య పెరట్లో అసలు పరీక్ష జరిగింది. పచ్చిమామిడికి ఒపినెల్ తిరుగులేనిది. బ్లేడు పలచన, 8.5 సెంటీమీటర్ల పొడవు, తొక్క కాగితంలా జారిపోతుంది. కానీ కార్బన్ ఉక్కు కావడంతో మామిడి పులుపుకి బ్లేడు నల్లబడింది, మొదటి ముక్కల్లో ఇనుప వాసన వచ్చింది. మా అత్తయ్య ఆ ముక్కలు పక్కన పెట్టేసింది. స్టెయిన్‌లెస్ తీసుకోండి అనడానికి ఇది రెండో కారణం.

పనస దగ్గర కథ మారింది. చేతులకి, బ్లేడుకి కొబ్బరినూనె రాసుకునే మొదలుపెట్టాం. అయినా జిగురు మడత సందులోకి వెళ్ళింది. పయనీర్‌ని వేడినీళ్ళలో ముంచి, పదిసార్లు తెరిచి మూసి, కీలు దగ్గర కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తే మామూలైపోయింది. ఒపినెల్‌ది చెక్క పిడి, వేడినీళ్ళలో ముంచేది కాదు. పనస తేమకే చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంది, గోరుతో లాగినా రాలేదు. ఒపినెల్ పుట్టిన ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండల్లో వాళ్ళకి దీనికొక ఉపాయం ఉంది. చాకు మూసి ఉండగా పిడి అడుగు కొసని బల్ల అంచుకి కొడితే బ్లేడు కాస్త బయటికి వస్తుంది. కొట్టాం, వచ్చింది. ఆ కంపెనీ 1890 నుంచీ ఉంది, తెరిచిన బ్లేడు వేళ్ళ మీద మూసుకోకుండా ఆపే తిరుగుడు రింగు 1955లో చేర్చారు. పిల్లలున్న ఇంట్లో ఆ రింగు చాలా నమ్మకం ఇస్తుంది. విక్టోరినాక్స్ పయనీర్‌కి తాళం లేదు, స్ప్రింగు బిగువే ఆధారం. పొడిచే పని దానితో చేయకూడదు.

ఒలిచిన కొబ్బరికాయకి మూడు కళ్ళలో మెత్తటిది ఒకటుంటుంది కదా, పయనీర్ వెనక ఉన్న ఆర (చిల్లులు పొడిచే మొన) దాని కోసమే చేశారా అన్నట్టు దిగింది. రెండుసార్లు తిప్పితే నీళ్ళు గ్లాసులోకి వచ్చేశాయి. బొండాలు కొట్టడానికి, ముంజెలు తీయడానికి మాత్రం మడత చాకులేవీ పనికిరావు. ఆ పని పెద్ద కత్తిదే.

బక్ 110 గురించి న్యాయంగా చెప్పాలి. 1964లో వచ్చింది, తెరిచిన బ్లేడుని పట్టి ఉంచే తాళం పిడి వెనక వైపు ఉండే మడత చాకులకు అదే నమూనా అయింది. పట్టుకుంటే ఎంత భరోసాగా ఉంటుందో అంత బరువు, దాదాపు 200 గ్రాములు. చొక్కా జేబులో పెట్టలేం, లుంగీ కట్టుకున్నప్పుడు అసలే లేదు. బెల్టుకి తోలు సంచిలో వేలాడదీసుకుని బస్సెక్కితే పక్కవాళ్ళు అదోలా చూశారు. మందపాటి బ్లేడు, మామిడి ముక్క కోస్తే చీలుతుంది తప్ప తెగదు. అడవి పనికి, తోట పనికి గొప్పది. యాత్రకి కాదు.

పలాసలో, కాశీబుగ్గలో బస శ్రీకాకుళం కంటే చవక, స్టేషను దగ్గరే గదులు దొరుకుతాయి, భోజనం బాగుంది. జీడిపప్పు కొనేవాళ్ళు ఊరికే దుకాణంలో కొనకుండా వీలైతే ఒక యూనిట్ లోపలికి వెళ్ళి చూడండి, అడిగితే చాలాచోట్ల కాదనరు. జీడిపిక్కల పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. అది దాటాక పప్పు మీద పలచటి పొట్టు మిగులుతుంది. దాన్ని ఆడవాళ్ళు చిన్న చాకుతో గీకి తీస్తారు. ఒకావిడ చేతిలో చాకు చూశాను. బ్లేడు వేలెడు పొడవు లేదు, అరిగి అరిగి మొన సన్నబడింది, పిడికి గుడ్డపేలిక చుట్టి ఉంది. పప్పుని బొటనవేలితో తిప్పుతుంటే బ్లేడు కదలడం లేదు, పప్పే కదులుతోంది. పప్పు మీద గీత పడకుండా పొట్టు మాత్రమే ఊడొస్తోంది. చాకు గొప్పతనం గురించి మాట్లాడే మేము ఆ చెయ్యి చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాం. ఆ పనికి దక్కే కూలి ఇంకా పెరగాలి.

కాశీబుగ్గ బజారులో సైకిల్ మీద సాన పట్టే ఆయన కనిపించాడు. కత్తిపీటలకి ఆయన పని బాగుంది. మడత చాకులు ఇవ్వలేదు. పొడి చక్రం మీద పలచటి బ్లేడు నిమిషంలో వేడెక్కుతుంది, అంచు నీలం రంగు తిరిగిందంటే ఉక్కులో గట్టిదనం పోయినట్టే. సోంపేట దగ్గర మావయ్య చూపించిన కమ్మరి కూడా అదే చెప్పాడు. పయనీర్ తీసుకుని గోరు మీద ఆనించి చూశాడు. "ఏటి బాబూ, మడతెట్టేదా ఇది? ఉక్కు మంచిదే. చక్రం మీద ఎట్టకండి, చచ్చిపోద్ది" అన్నాడు. నీళ్ళు చల్లిన రాతి మీద, బ్లేడుని పడుకోబెట్టినట్టు వాల్చి, నెమ్మదిగా రెండు పక్కలా సమంగా పట్టాడు. ఒపినెల్ మచ్చలు కూడా ఇటుకపొడితో రుద్ది తీసేశాడు. ఇచ్చింది తీసుకున్నాడు. విదేశీ కంపెనీలు జీవితకాలం గ్యారంటీ అంటాయి, మంచిదే, కానీ అది తయారీ లోపాలకి. పదును పోతే, జిగురు పడితే ఆ గ్యారంటీ కాగితం కంటే ఇలాంటి మనిషే అక్కరకొస్తాడు. అందుకే మామూలు రాతి మీద పదునెక్కే ఉక్కునే ఎంచుకోమంటాను.

ఒక్కటే కొనుక్కునేవాళ్ళకి విక్టోరినాక్స్ పయనీర్. పళ్ళు, కూరలు తరగడమే ముఖ్యమైతే ఒపినెల్ స్టెయిన్‌లెస్, బరువూ తక్కువ, ఖరీదూ తక్కువ. తిరునాళ్ళలో, స్టేషన్ల బయట ఎర్ర పిడి మీద తెల్ల శిలువ గుర్తేసి అమ్మే నకిలీల జోలికి వెళ్ళకండి. కొనేముందు బ్లేడు తెరిచి రెండు వేళ్ళతో పట్టుకుని పక్కలకి కదపండి, ఏమాత్రం ఊగినా వద్దనండి. తర్వాత మూసి వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. బ్లేడు పక్క రేకులకి తగలకుండా సరిగ్గా మధ్యలో ఉండాలి. ఒక పక్కకి వాలి ఉంటే ఎంత పేరున్న కంపెనీదైనా సరే, ఇంకోటి చూపించమని అడగండి.