సిల్స్ కొత్తవి వేశాం అని ఎమ్‌జీబీ అమ్ముతుంటే, డబ్బు పంపేముందు ఇది చదవండి

ఇంగ్లండ్‌లో ఉంటూ పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొని, శని ఆదివారాల్లో బాగుచేసుకుందాం అనుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నా. "వెల్డింగ్ పని మొత్తం అయిపోయింది, సిల్స్ రెండువైపులా కొత్తవి, ఇక పెయింటు, సీట్లు చూసుకుంటే చాలు" అని ఎవరైనా ఎమ్‌జీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారును అమ్మకానికి పెడితే (సిల్స్ అంటే తలుపుల కింద ఉండే దూలాలు) అడ్వాన్సు కూడా పంపకండి. సరిగ్గా ఆ మాటల మీదే 4,500 పౌండ్లు పెట్టి నేను కొన్న 1972 ఎమ్‌జీబీ జీటీ (కప్పు ఉన్న మోడల్) ఇప్పుడు ఒక వర్క్‌షాపులో స్టాండ్ల మీద కూర్చుని ఉంది, దాని బాడీ ఒక్కటే సరిచేయడానికి వాళ్లు ఇచ్చిన అంచనా కారు ఖరీదుకు రెట్టింపు దాటింది.

ఎమ్‌జీబీ మీదే అందరి కన్ను ఎందుకు పడుతుందో తెలిసిందే. 1962 నుంచి 1980 దాకా ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్‌లో ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి, వెనక డిక్కీ తలుపు పైకి లేచే జీటీ మోడల్ 1965లో వచ్చింది. జాగ్వార్ ఈ-టైప్ కొనే స్తోమత లేనివాడికి ఇది అందుబాటు ధర. ఇంజన్ 1798 సీసీ, మొండి ఇంజన్, స్పానర్ పట్టుకోవడం వచ్చినవాడు ఎవడైనా విప్పి బిగించగలడు. స్క్రూ దగ్గర్నుంచి మొత్తం బాడీ షెల్ దాకా కొత్తవి ఇప్పటికీ దొరుకుతాయి. అమ్మేవాళ్లంతా పట్టుకునేది కూడా ఈ మాటనే. "పార్టులన్నీ చవక సార్" అంటారు. నిజమే, చవకే. ఆ పార్టు వెల్డ్ చేసే మనిషికి గంటకు ఎంతో మాత్రం చెప్పరు.

అసలు సంగతి ఏంటంటే ఈ కారుకు విడిగా చాసీ ఉండదు. బాడీయే చాసీ. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం వరకు రెండువైపులా పోయే బోలు దూలాలే సిల్స్, కారు బరువు చాలావరకు మోసేవి అవే. బయటికి కనిపించేది ఒక రేకే గానీ లోపల ఇంకా ఉంటాయి: క్యాబిన్ వైపు ఇన్నర్ సిల్, మధ్యలో నిలువుగా ఒక రేకు, అడుగున క్యాజిల్ రెయిల్ అనే ముక్క. ఇవన్నీ కలిపి వెల్డ్ అయి ఉంటేనే దానికి బలం. ఇంగ్లండ్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పునీళ్లు, బురద ముందు చక్రాల వెనక సందులో చేరి లోపల్లోపలే తినేస్తాయి. బయటి రేకుకు బుడగ వచ్చేసరికి లోపలిది పోయి చాలాకాలమై ఉంటుంది.

సిల్స్ సక్రమంగా మార్చాలంటే ముందు చక్రాల మీద కప్పే రేకులు, అంటే ముందు రెక్కలు, విప్పాలి, ఎందుకంటే సిల్ ముందు కొస రెక్క వెనక్కి దూరి ఉంటుంది. వెనక రెక్క అడుగుభాగం కోసి, సిల్ వెనక కొస బయటపెట్టాలి. కోసేముందు తలుపు ఉండే ఖాళీలో ఇనుప బద్ద అడ్డంగా వెల్డ్ చేసి ఆపాలి, లేకపోతే బాడీ వంగిపోతుంది, ఆ తర్వాత ఏ తలుపూ సరిగ్గా పడదు. పైన కప్పు లేని రోడ్‌స్టర్‌లో ఇది మరీ ఎక్కువ, జీటీకి కప్పు కొంత ఆదుకుంటుంది గానీ పూర్తిగా కాదు. ఓపిక, సమయం, కూలీ మూడూ తినే పని ఇది.

నా కారుకు అమ్మినవాడు చేసింది వేరు. రెక్కలు విప్పలేదు. పాత సిల్ కనిపించినంత మేర, అంటే తలుపు కింద వరకే, దాని మీదే కొత్త రేకు కప్పి అంచుల్లో వెల్డింగ్ చుక్కలు పెట్టి, అతుకుల దగ్గర లప్పం పూసి, అడుగంతా తుప్పు పట్టకుండా పూసే నల్లటి అండర్‌సీల్ మందంగా కొట్టేశాడు. చెదలు తిన్న గుమ్మానికి రంగేసి ఇల్లు అమ్మినట్టు. లోపల ఇన్నర్ సిల్ జల్లెడ, క్యాజిల్ రెయిల్ చేత్తో గిల్లితే రాలుతోంది, ఫ్లోరు ఒక పక్క అండర్‌సీల్ మీదే ఆగి ఉంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పాత కారు చూడ్డానికి వెళ్తే మ్యాగ్నెట్ పట్టుకెళ్లమని అందరూ చెబుతారు, లప్పం ఉన్నచోట అతుక్కోదు కాబట్టి. ఈ రకం కారు దగ్గర ఆ మ్యాగ్నెట్ మీకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. బయట ఉన్నది నిజంగానే కొత్త ఉక్కు రేకు కదా, టక్కుమని అతుక్కుంటుంది. తోడు వచ్చిన ఫ్రెండు కూడా "బాగుంది రా" అంటాడు. అందుకే పూర్తిగా పాడైపోయి, షెడ్డులో దుమ్ము పట్టి, సిల్స్‌లో వేలు దూరేంత కన్నాలతో ఉన్న కారంటే నాకు భయం లేదు, అందులో దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి కన్నాలను బట్టి ధర మాట్లాడుకోవచ్చు. సగం చేసి ఆపేసిన కారు అలా కాదు. పైన కొత్త రేకు ఉందని ఎక్కువ డబ్బు ఇస్తారు, తర్వాత అదే కొత్త రేకు కోసి పారేయడానికి మళ్లీ కూలీ ఇస్తారు.

మరి ఎలా పట్టుకోవాలి అంటే, జాకీ. ఎమ్‌జీబీకి సిల్ కింద జాకీ పాయింట్ ఉంటుంది, అక్కడ పెట్టి కారు లేపమని అడగండి. లేచేటప్పుడు తలుపు చుట్టూ ఉన్న సందు చూస్తూ ఉండండి, ఆ సందు మారిపోతుంటే, లేదా లేపాక తలుపు తెరుచుకోకపోతే ఇంకేం చూడక్కర్లేదు. నేను అడిగినప్పుడు "కొత్తగా అండర్‌సీల్ వేశాం, గీతలు పడతాయి" అని కారు ముందువైపు అడ్డంగా ఉండే గట్టి దూలం (క్రాస్‌మెంబర్) కింద జాకీ పెట్టి చూపించాడు, అదైతే ఎప్పుడైనా నిలుస్తుంది. ఇంటికొచ్చాక అసలు పాయింట్ దగ్గర పెడితే కరకరమని చప్పుడు చేస్తూ జాకీ లోపలికి పోయింది.

రెండోది కార్పెట్. ముందు సీట్ల దగ్గర కార్పెట్ లేపి ఇన్నర్ సిల్, ఫ్లోరు కలిసేచోట టార్చ్ వేసి చూడండి. కార్పెట్‌ని గమ్‌తో అంటించేశాం, లేవదు అంటే వెనక్కి తిరిగి వచ్చేయండి. వెనక సీటు కింద బ్యాటరీ పెట్టెలు ఉంటాయి, 1974 దాకా వచ్చిన కార్లలో రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు ఉండేవి, ఆ పెట్టెలు ఎలా ఉన్నాయో చూస్తే కారును ఎంత శ్రద్ధగా చూసుకున్నారో తెలిసిపోతుంది. ముందు చక్రం వెనక, రెక్క లోపల ఒక స్ప్లాష్ ప్యానెల్ ఉంటుంది, దాని పక్క సందులోంచి ఫోన్‌కి తగిలించే చిన్న కెమెరా పంపి సిల్ ముందు కొస చూడొచ్చు, ఆ కెమెరా ఆన్‌లైన్‌లో తక్కువకే దొరుకుతుంది. అన్నిటికంటే తేలికైనది ఒక్క ప్రశ్న: సిల్స్ మార్చేటప్పుడు ముందు రెక్కలు విప్పిన ఫొటోలు ఉన్నాయా? నిజంగా పని చేసినవాడి దగ్గర ఫొటోలు గుట్టలుగా ఉంటాయి, అడక్కుండానే చూపిస్తాడు, ఇక చాలు బాబోయ్ అనేదాకా చూపిస్తాడు.

కాగితాల సంగతి. 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు 2018 మే నుంచి ఎమ్‌ఓటీ, అంటే కారు రోడ్డుకు పనికొస్తుందా అని ఏటా చేసే తనిఖీ, తప్పనిసరి కాదు. అమ్మేవాళ్లు దీన్ని లాభంలా చెబుతారు, "ట్యాక్సూ లేదు, ఎమ్‌ఓటీ టెన్షనూ లేదు" అని. కొనేవాడికి అది లాభం కాదు, కారు అడుగును మూడో మనిషి ఎవడూ చూడలేదని అర్థం. కావాలంటే ఇప్పటికీ ఎమ్‌ఓటీ చేయించొచ్చు, ఆ ఖర్చు నేనే ఇస్తా చేయించు అని అడగండి, మొహం చూస్తే తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో నంబరు కొడితే పాత ఎమ్‌ఓటీ చరిత్ర ఉచితంగా వస్తుంది, తుప్పు గురించి అప్పట్లో ఏం రాశారో చూడండి. చాసీ నంబరు జీహెచ్‌డీ అని మొదలైతే జీటీ, జీహెచ్‌ఎన్ అయితే రోడ్‌స్టర్, లాగ్‌బుక్‌లో (కారు రిజిస్ట్రేషన్ పత్రం) ఉన్నదీ కారు మీద ఉన్నదీ ఒకటేనా చూసుకోండి.

ఇంకోటి, వ్యాపారస్తులు మామూలు ఓనర్లలా నటిస్తారు. ఫోన్ చేసి కారు పేరు చెప్పకుండా "మీ కారు ప్రకటన చూసి చేస్తున్నా" అనండి. "ఏ కారు?" అని అడిగాడంటే వాడు వ్యాపారే. నాకు అమ్మినవాడు "మా మామయ్య కారు, ఆయన చేయలేక అమ్ముతున్నాం" అన్నాడు, లాగ్‌బుక్‌లో ఉన్న పేరేమో ఇంకెవరిదో. ఆ తర్వాత చూస్తే అదే ఫోన్ నంబరుతో వేరే కార్లు కూడా అమ్మకానికి ఉన్నాయి. ఇది ఎందుకు ముఖ్యం అంటే, వ్యాపారి దగ్గర కొంటే 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం లోపం ఉన్న బండిని 30 రోజుల్లోపు తిప్పి ఇచ్చేసే హక్కు ఉంది. మామూలు మనిషి దగ్గర కొంటే ఆ హక్కు లేదు. అయినా పూర్తిగా నోరు మూసుకోవాల్సిన పని లేదు, లేనిది ఉన్నట్టు చెప్పి అమ్మితే దాని మీద అడగొచ్చు. అందుకే ప్రకటన స్క్రీన్‌షాట్ కొనకముందే తీసి పెట్టుకోండి, అమ్మిన మరునాడే అది మాయమైపోతుంది. ఫోన్‌లో చెప్పిన మాటల్ని మెసేజ్‌లో రాయించుకోండి. "సిల్స్ మొత్తం మార్చాం, లోపలివి కూడా" అని వాడు వాట్సాప్‌లో పెట్టిన ఒక్క లైనే నన్ను ఆదుకుంది. ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వాళ్లతో మాట్లాడి, కోర్టుకు వెళ్తానని లెటర్ పంపాక 1,500 పౌండ్లు వెనక్కి ఇచ్చాడు. మిగతా దానికి స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో కేసు వేస్తున్నా, పది వేల పౌండ్ల లోపు గొడవలు అక్కడికే వెళ్తాయి.

"ఇండియా పంపించి బెజవాడ ఆటోనగర్‌లో చేయించు, మనవాళ్లు రేకు పనిలో దిట్టలు" అని ఇంట్లో వాళ్లు, ఫ్రెండ్స్ సలహా ఇచ్చారు. మేస్త్రీల పనితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు. కానీ రానుపోను షిప్పింగ్, కస్టమ్స్ కాగితాలు లెక్క వేస్తే ఇక్కడే హెరిటేజ్ షెల్ అనే సరికొత్త బాడీ కొనేయొచ్చు, అదే పది వేల పౌండ్ల పైమాట.

ఇంజన్, గేర్‌బాక్స్ గురించి ఎక్కువ రాయను, ఈ కారులో అవి చిన్న తలనొప్పులు. వేడెక్కాక ఆయిల్ ప్రెజర్ చూడండి, ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ వేగం తగ్గించే అదనపు గేరు) పడుతుందో లేదో చూడండి, తీగల చక్రాలు (వైర్ వీల్స్) ఉంటే వాటిని పట్టుకునే పళ్లు, అంటే స్ప్లైన్స్, అరిగాయేమో చూడండి. పెట్రోలు ఈ5 (ఇథనాల్ తక్కువ కలిపినది) పోయండి, ఇథనాల్ ఎక్కువ ఉన్న ఈ10 పాత రబ్బరు పైపులకు పడదు. నా కారు ఇంజన్ అయితే నిజంగా బాగుంది, తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది, వాడు దాన్ని పదే పదే స్టార్ట్ చేసి వినిపించింది కూడా అందుకే.

కొనాలనే ఉంటే రెండే దారులు నాకు తోస్తున్నాయి. ఎవరూ వెల్డింగ్ ముట్టుకోని తుప్పు బండి తక్కువకు కొని, బాడీ ఖర్చు మొత్తం మీదే అనుకుని దిగండి. లేదా ఇంకాస్త కూడబెట్టి, ఫొటోలు బిల్లులతో సహా పని పూర్తయి రోడ్డు మీద తిరుగుతున్నది కొనండి. అమ్మేటప్పుడు పెట్టిన ఖర్చులో సగం కూడా రాదు కాబట్టి చాలామంది నష్టానికే అమ్ముతారు, ఆ నష్టం వాళ్లనే భరించనివ్వండి.

అమ్మినవాడి పేరు కేసు నడుస్తోంది కాబట్టి ఇక్కడ రాయడం లేదు, అడగొద్దు. మిడ్‌ల్యాండ్స్ వైపు ఉంటాడు, ఫొటోల్లో వెనక ఎర్ర ఇటుక గోడ, నీలం గ్యారేజ్ తలుపు కనిపిస్తాయి. పోయిన వారం అదే గోడ ముందు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే ఇంకో పాత స్పోర్ట్స్ కారు పెట్టాడు, "వెల్డింగ్ మొత్తం అయిపోయింది, పెయింట్ చూసుకుంటే చాలు" అని.