నల్లగొండలో ఆదివారం వొకాబులరీ బ్యాచ్: ఎవరు చేరాలి, ఎవరు వద్దు

ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్), బ్యాంకు ఉద్యోగ పరీక్షలకు చదివే తెలుగు మీడియం వాళ్లకు ఇంగ్లీష్ అంటే టెన్షన్ అంతా సినానిమ్స్, యాంటనిమ్స్ దగ్గరే. గ్రామర్ ఎట్లనో నెట్టుకొస్తాం. పదాలు మాత్రం రాత్రి బట్టీ పడితే పొద్దున్నే మాయం. క్లాక్ టవర్ దగ్గర ఒక మేడ మీద రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన ఆదివారాలు చెప్పే బ్యాచ్ ఎట్లుందని చాలామంది అడుగుతున్నారు. మూడు నెలల కోర్సు పూర్తి చేశాను కాబట్టి రాస్తున్నా. ఫీజు మొత్తం 1,200 రూపాయలు.

సార్ లిస్టులు ఇవ్వరు. వారానికి ఒక భావం తీసుకుని, ఆ భావం చుట్టూ ఉన్న పదాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెబుతారు. "పెరగడం, పెంచడం" తీసుకున్న వారం గురించి చెబితే ఆయన పద్ధతి తెలిసిపోతుంది.

బోర్డు మీద ఆక్షన్, ఆగ్మెంట్ అని రాసి, ఈ రెండింటికీ చుట్టరికం ఏందని అడిగారు. ఎవరూ నోరు మెదపలేదు. రెండూ లాటిన్ క్రియ 'ఔగేరె' నుంచి వచ్చినవేనట. దాని అర్థం పెంచడం. వేలంలో పాట పెరుగుతూ పోతుంది కాబట్టే ఆక్షన్ అయింది. ఇక సార్ హైదరాబాద్‌లో ఏటా జరిగే బాలాపూర్ గణేశ్ లడ్డూ వేలం సంగతి ఎత్తుకున్నారు. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. "ఇది ఆగ్మెంట్ కాకపోతే ఇంకేంది?" అన్నారు. క్లాసంతా నవ్వులు. ఆథర్, అథారిటీ, ఆగ్జిలరీ కూడా ఆ ఇంటి పిల్లలేనని తెలిశాక, గ్రామర్‌లో ఆగ్జిలరీ వెర్బ్‌ను మొదటిసారి భయం లేకుండా చూశాను.

అంతకంటే నాకు నచ్చింది నిక్‌నేమ్ సంగతి. పాత ఇంగ్లీష్‌లో 'ఈక్' అంటే అదనం. ఈక్ నేమ్ అంటే అదనంగా తగిలించిన పేరు. 'యాన్ ఈక్ నేమ్' అని గబగబా అనీ అనీ, ముందున్న పదంలోని 'ఎన్' అక్షరం వెనక పదానికి అతుక్కుని నిక్‌నేమ్ అయింది. మా చండూరులో అసలు పేరుతో పిలిపించుకునే మనిషి దొరకడం కష్టం. ఇంటికొచ్చి చెబితే మా అత్తమ్మ కూడా ఇంట్రెస్ట్‌గా విన్నది.

తర్వాత 'క్రెస్కెరె', అంటే పెరగడం. ఇంక్రీజ్, డిక్రీజ్, అక్రూ (పోగవడం), క్రెసెంట్ (నెలవంక) అన్నీ దీని నుంచే. కాంక్రీట్ కూడా ఇందులోదే: కలిసి పెరిగి గట్టిపడినది. రిక్రూట్ అయితే ఫ్రెంచ్ మీదుగా వచ్చింది, మూలంలో మళ్లీ పెరగడమని అర్థం. నోటిఫికేషన్ల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే మా ముందు ఆ మాట చెప్పడానికి సార్‌కు కొంచెం ధైర్యం కావాలి!

గ్రో, గ్రాస్, గ్రీన్ ఒకే మూలమని, ఇన్‌ఫ్లేట్ అంటే ఊది ఉబ్బించడమని చకచకా చెప్పేసి వాడుకలోకి వచ్చారు. పరీక్షకు అసలు పనికొచ్చే భాగం ఇదే. శబ్దానికి ఆంప్లిఫై, భూతద్దానికి మ్యాగ్నిఫై, ఆదాయానికో బలానికో ఆగ్మెంట్. కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసి కూర్చోబెడతారే, అప్పుడు కంటిపాప అయ్యేది డైలేట్. ఎన్‌లార్జ్‌లో ఉన్న లార్జ్‌కు లాటిన్ మూలం 'లార్గస్', అంటే సమృద్ధిగా ఇచ్చేది. అందుకే లార్జెస్ అంటే సైజు కాదు, ఉదారంగా ఇవ్వడం. ఆప్షన్లలో 'పెద్దది' అని పెట్టి పడగొట్టేది ఇక్కడే.

ఇక లోపాలు. నోట్స్ ఇవ్వరు, ఏది రాసుకుంటే అదే మిగులుతుంది. ప్రాక్టీస్ టెస్టులు దాదాపు లేవు, ఇది పెద్ద లోటు. వెనక బెంచీల నుంచి బోర్డు సరిగా కనబడదు. క్లాస్ టైమ్‌కే మొదలవుతుంది గానీ టైమ్‌కు అయిపోదు. దేవరకొండ వైపు పోయే పిల్లలు చివరి అరగంట గడియారం చూస్తూనే కూర్చుంటారు. ఇంకోటి, మూలం తెలిస్తే ఆన్సర్ వచ్చేస్తుందన్న నమ్మకం కొందరికి పట్టుకుంటుంది. క్రెసెంట్ మూలం పెరగడమే, మొదట పెరిగే చంద్రుడికే వాడారు. ఇప్పుడు మాత్రం నెలవంక ఆకారం ఏదైనా క్రెసెంటే. పెరిగే చంద్రుడికి ఇంగ్లీష్‌లో ఇంకా నిలిచిన మాట వ్యాక్సింగ్. సార్ ఈ తేడా చెప్పారు గానీ, ఇంకో రెండు మూడు ఉదాహరణలు ఇవ్వాల్సింది.

పరీక్ష వచ్చే నెలలో ఉన్నవాళ్లు చేరొద్దు, పాత పేపర్లు చేసుకోవడమే మేలు. ఆరు నెలల టైమ్ ఉండి, బట్టీతో విసిగిపోయినవాళ్లు చేరండి. టెస్టులకు వేరే ఏర్పాటు చూసుకోండి. ఫీజు రెండు వాయిదాల్లో కట్టొచ్చు, మొదటి క్లాస్ ఊరికే కూర్చుని వినొచ్చు. కొంచెం ముందే పోయి ముందు బెంచీ పట్టుకోండి.